లాండ్రీ కొడుకు.. ఇంగ్లండ్ ఆటగాడు

1942 మే 9. యుద్ధం ముదిరిన రోజులు. వేల్స్ దేశంలోని కార్డిఫ్ నగరం, నినియన్ పార్క్ మైదానం. ఇంగ్లండ్‌కీ వేల్స్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్. ఇంగ్లండ్ తరఫున దిగిన పదకొండు మంది పేర్లు చదువుకుంటూ వస్తే ఒకచోట చూపు ఆగుతుంది. మన లిపిలో రాస్తే ఒకే ఒక్క అక్షరం.. సూ.

ఫ్రాంక్ సూ. తండ్రి చైనా నుంచి ఓడ మీద వచ్చి, బట్టలుతికే దుకాణం పెట్టుకుని స్థిరపడిన వలసజీవి. తల్లి ఇంగ్లిషు ఆడపడుచు. ఆ రోజు ఇంగ్లండ్ ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. కానీ సూ చరిత్రలోకెక్కాడు. తెల్లజాతి తల్లిదండ్రులకు పుట్టని మనిషి ఇంగ్లండ్ జాతీయ జట్టు చొక్కా వేసుకుని బరిలోకి దిగడం అదే మొదలు. 1945 వరకూ అతను ఇంగ్లండ్ తరఫున 9 మ్యాచ్‌లు ఆడాడు. అయితే ఇంగ్లండ్‌కు ఆడినవాళ్ల అధికారిక జాబితా తిరగేస్తే అందులో అతని పేరు కనిపించదు. యుద్ధకాలపు మ్యాచ్‌లు ఆ లెక్కలోకి రావు మరి!

పని చేసి కూడా లెక్కలోకి రాకపోవడం ఎట్లా ఉంటుందో పరాయి దేశంలో చెమటోడ్చే మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పదేళ్ల సర్వీసు ఉన్నా కాగితం మీద కనిపించనివాళ్లు మనలో ఎంతమంది లేరు? అందుకే ఈసారి ఈ పాత ఆటగాడి కథ చెప్పుకుందాం.

ఇస్త్రీ ఆవిరిలో పెరిగినవాడు

అతని చైనా పేరు హాంగ్ యింగ్ సూ. 1914 మార్చి 8న డెర్బీషైర్ కొండల నడుమ ఉండే బక్స్‌టన్ పట్టణంలో పుట్టాడు. పెరిగింది మాత్రం లివర్‌పూల్‌లో, వెస్ట్ డెర్బీ అనే పేటలో. నాన్న లాండ్రీయే ఆ ఇంటికి కూడు పెట్టింది.

లివర్‌పూల్‌ను చైనాతో కలిపింది ఓడలే. 1860లలో బ్లూ ఫన్నెల్ అనే ఓడల కంపెనీ ఇక్కడి రేవు నుంచి చైనాకు స్టీమర్లు నడపడం మొదలుపెట్టింది. ఇంజను గదుల్లో బొగ్గు ఎగదోయడానికి చైనా మనుషుల్ని పెట్టుకుంది. తెల్ల నావికుడికిచ్చే జీతం కంటే వీళ్లకు తక్కువిస్తే సరిపోతుంది, గట్టిగా అడిగేవాళ్లూ కారు.. ఇదీ కంపెనీల లెక్క. అట్లా వచ్చినవాళ్లలో కొందరు ఓడ దిగాక ఇక ఎక్కలేదు. రేవు పక్కన పిట్ స్ట్రీట్, క్లీవ్‌లాండ్ స్క్వేర్ చుట్టుపక్కల గదులు తీసుకుని ఉండిపోయారు. బోర్డింగ్ హౌసులు, చిన్న కిరాణాలు, హోటళ్లు వెలిశాయి. ఊరంతా లాండ్రీలు పెట్టారు.

లాండ్రీయే ఎందుకు? పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. ఇంగ్లిషు నాలుగు ముక్కలొస్తే చాలు. ఒంట్లో సత్తువ ఉండాలి, అంతే. ఆ రోజుల్లో దొరల చొక్కాలకు కాలర్లు విడిగా ఉండేవి. ఒక్కో కాలరునూ ఉతికి, గంజి పెట్టి, అట్టముక్కలా బిగిసేదాకా ఇస్త్రీ చేయాలి. పొద్దున పొయ్యి రాజేస్తే రాత్రి దాకా ఆవిరి, చెమట. గల్ఫ్‌లో సందుకో లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నిలబడి కాళ్లు వాచిపోయే మన తమ్ముళ్లకు ఆ పని సంగతి వేరే చెప్పాలా?

ఊరు వాళ్లను ప్రేమగా ఏమీ చూసుకోలేదు. 1906లో లివర్‌పూల్ పత్రికలు చైనావాళ్ల మీద పెద్ద రచ్చ లేపితే నగరపాలక సంస్థ ఏకంగా విచారణ కమిషన్ వేసింది. జూదం, నల్లమందు, తెల్ల ఆడపిల్లల్ని పెళ్లాడటం.. ఇవీ ఆరోపణలు. చట్టం మరో మెలిక పెట్టింది. పరదేశిని పెళ్లి చేసుకున్న బ్రిటిష్ స్త్రీకి ఆ పెళ్లితోనే బ్రిటిష్ పౌరసత్వం పోయేది! మొగుడిది ఏ దేశమైతే ఆమెదీ అదే. పుట్టిన ఊళ్లోనే పరాయి మనిషిగా పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. 1948లో కొత్త చట్టం చేసేదాకా ఇదే పద్ధతి. ఫ్రాంక్ తల్లి బియాట్రిస్ తరం ఆడవాళ్లు ఈ చట్టం నీడలోనే కాపురాలు చేశారు. వాళ్ల పిల్లలు మాత్రం అక్కడి గడ్డ మీద పుట్టారు కాబట్టి పుట్టుకతో బ్రిటిష్ పౌరులు. కాగితం వరకూ ఆ చిక్కు లేదు. చిక్కల్లా మొహంతోనే.

కుండల ఊళ్లో కుదిరిన కొలువు

చదువయ్యాక ఫ్రాంక్ ఒక ఆఫీసులో గుమాస్తాగా కుదిరాడు. ఖాళీ దొరికితే బంతి. లివర్‌పూల్ పక్కనే ప్రెస్కాట్ అని చిన్న ఊరు, అక్కడ కరెంటు కేబుళ్లు చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. ఊరి టీము పేరే ప్రెస్కాట్ కేబుల్స్. ఫ్రాంక్ అందులో ఆడుతుంటే స్టోక్ సిటీ క్లబ్బు కంట పడ్డాడు. 1933 జనవరిలో 400 పౌండ్లిచ్చి అతన్ని తీసుకున్నారు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు.

స్టోక్ అంటే పింగాణీ ఊరు. కప్పులు, సాసర్లు, ప్లేట్లు.. బ్రిటన్ ఇళ్లలో టీ తాగే సామాను సగం అక్కడి బట్టీల్లోంచే వచ్చిందా అనిపించేంత పేరు. అందుకే ఆ జట్టును ఇప్పటికీ పాటర్స్ అంటారు, అంటే కుమ్మరులు. ఫ్రాంక్ చేరిన ఏడాదే స్టోక్ రెండో డివిజన్ గెలిచి మొదటి డివిజన్‌కి ఎక్కింది. 1933 నవంబరు 4న మిడిల్స్‌బరో మీద అతను మొదటి మ్యాచ్ ఆడాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో చైనా సంతతి ఆటగాడు కాలు పెట్టడం అదే ప్రథమం.

అదే జట్టులో కుడి అంచున ఒక మంగలి కొడుకు ఆడుతుండేవాడు. పేరు స్టాన్లీ మాథ్యూస్. బంతి అతని కాలికి దారం కట్టినట్టు తిరిగేది. తర్వాత తర్వాత ప్రపంచమంతా పేరు మోగిపోయిన మాథ్యూస్ అతనే. సూ మొదట్లో ముందువరసలో లోపలి ఎడమ స్థానంలో ఆడాడు. తర్వాత వెనక్కి జరిగి హాఫ్‌బ్యాక్ అయ్యాడు. అవతలివాడి దగ్గర బంతి లాక్కోవాలి, దాన్ని చూసి సరైనవాడికి అందించాలి, ఇదీ ఆ స్థానంలో పని. గోల్ కొట్టినవాడి ఫొటో పేపర్లో పడుతుంది, బంతి అందించినవాడిది పడదు. సూకి ఈ రెండో పని మీదే మక్కువ. బలం చూపించి ఆడే ఆ కాలంలో తొందరపడకుండా, బంతిని నేల మీదే ఉంచి, కొలిచినట్టు పాస్ ఇచ్చే ఆటగాడని అతనికి పేరొచ్చింది. 1935-36 సీజన్లో స్టోక్ దేశం మొత్తంలో నాలుగో స్థానంలో నిలిచింది. కొన్నాళ్లకు సూ ఆ జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు. తెల్లవాళ్ల జట్టుకు చైనావాడి కొడుకు నాయకుడు! 1930లలో అది చిన్న విషయం కాదు.

పత్రికలు అతన్ని మెచ్చుకునేవి. మెచ్చుకుంటూనే చైనా మాట ఒకటి తగిలించేవి. ఎంత బాగా ఆడినా ముందు పుట్టుక గుర్తుచేయాలి, తర్వాతే ఆట.

మరి జాతీయ జట్టు? అక్కడే తలుపు తెరుచుకోలేదు. స్టోక్ నుంచి మాథ్యూస్‌కి 1934లో పిలుపొచ్చింది. ఫ్రెడ్డీ స్టీల్‌కి వచ్చింది. జో జాన్సన్‌కి వచ్చింది. పక్కపక్కనే ఆడిన వాళ్లంతా వెళ్లొచ్చారు. సూకి ఒక్కసారీ రాలేదు. ఆ స్థానానికి పోటీ గట్టిగానే ఉండేదన్నది నిజం. అయితే తన పుట్టుక కూడా అడ్డుపడి ఉంటుందని సూ పెద్దయ్యాక అనుమానించాడు. ఆ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 1925లో ప్లిమత్ క్లబ్బుకు ఆడే జాక్ లెస్లీ అనే ఆటగాడిని ఇంగ్లండ్ జట్టుకు ఎంపిక చేశామని కబురొచ్చింది, కొద్దిరోజులకే అతని పేరు లేకుండా పోయింది. లెస్లీ తండ్రి జమైకా నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. 2023లో, అంటే అతను చనిపోయి ముప్పై ఏళ్లు దాటాక, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం లెస్లీకి గౌరవ క్యాప్ ప్రకటించింది.

యుద్ధమొచ్చి రిలీజ్ ఇచ్చింది

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. లీగ్ మొదలై మూడు మ్యాచ్‌లే అయ్యాయి. అన్నీ ఆపేశారు. ఆటగాళ్ల కాంట్రాక్టులు నిలిపేశారు. వారానికి 8 పౌండ్ల వరకూ తీసుకునేవాళ్లు ఒక్క పూటలో జీతం లేనివాళ్లయ్యారు. కొందరు ఫ్యాక్టరీల్లో చేరారు, కొందరు సైన్యంలోకి పోయారు. సూ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశాడు.

ఇక్కడ ఆ కాలపు ఫుట్‌బాల్ కొలువు సంగతి కాస్త చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలో ఉండేది. కాంట్రాక్టు ఏడాదికే రాసేవాళ్లు. కానీ ఏడాది అయిపోయినా క్లబ్బు వదిలితేనే ఇంకో క్లబ్బుకు పోవాలి. వదలకపోతే అక్కడే పడుండాలి. జీతం ఇవ్వకుండా కూడా కూర్చోబెట్టొచ్చు! కఫీల్ సంతకం పెడితే తప్ప కదలలేని పద్ధతి అచ్చంగా ఇదే. ఖతార్‌లో కంపెనీ మారాలంటే పాత కంపెనీ ఎన్‌వోసీ ఇవ్వాలన్న నిబంధన 2020లో పోయింది. ఇంగ్లండ్ ఆటగాళ్లకు జీతం మీద గరిష్ఠ పరిమితి 1961లో పోయింది. ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు కోర్టుకెక్కి గెలిచాక, 1963లో ఈ బందిఖానా సడలింది.

యుద్ధం వచ్చేసరికి ఆ సంకెల తాత్కాలికంగా వదులైంది. లీగ్ ఆపినా, జనం ఉత్సాహం చావకూడదని ప్రభుత్వం కొద్దిరోజులకే ప్రాంతాలవారీ పోటీలకు ఒప్పుకుంది. బాంబుల భయంతో మొదట్లో చాలా మైదానాల్లో ఎనిమిది వేల మందికి మించి రానివ్వలేదు. ఆటగాళ్లేమో దేశమంతా చెల్లాచెదురు. ఒకడు స్కాట్లండ్ క్యాంపులో, ఒకడు దక్షిణ తీరంలో. పెట్రోలు కరువు, రైళ్లు సైనికులకే చాలవు. అందుకని ఒక వెసులుబాటు ఇచ్చారు. సొంత క్లబ్బు సరేనంటే, ఆటగాడు తన క్యాంపుకు దగ్గర్లో ఉన్న ఏ క్లబ్బుకైనా ఆడొచ్చు. వీళ్లనే గెస్టు ప్లేయర్లన్నారు. అతిథి ఆటగాళ్లన్నమాట. మ్యాచ్‌కి 30 షిల్లింగులు, అంటే ఒకటిన్నర పౌండు. ఎంత పెద్ద ఆటగాడికైనా అంతే.

దాంతో తమాషాలు జరిగాయి. ఆల్డర్‌షాట్ అనే చిన్న క్లబ్బు సైనిక శిబిరం పక్కన ఉండేది. రాత్రికి రాత్రి వాళ్ల అదృష్టం తిరిగింది. క్లిఫ్ బ్రిటన్, స్టాన్ కల్లిస్, జో మెర్సర్.. ఇంగ్లండ్ జట్టు హాఫ్‌బ్యాక్ వరస మొత్తం వచ్చి ఆ చిన్న క్లబ్బుకు ఆడింది. ఇంకోపక్క 1940 క్రిస్మస్ రోజున బ్రైటన్ జట్టు నార్విచ్‌కి అయిదుగురితోనే చేరింది. మిగతా ఖాళీలను నార్విచ్ కుర్రాళ్లతో, మ్యాచ్ చూడవచ్చిన సైనికులతో నింపారు. ఫలితం 18-0! మన ఊళ్లో పండగ పూట కబడ్డీకి మనుషులు తక్కువైతే గట్టు మీద కూచున్నవాణ్ని లాగినట్టే ఉంది కదూ.

సూకి ఈ గెస్టు జీవితం బాగా కలిసొచ్చింది. ఎవర్టన్, చెల్సీ, బ్రెంట్‌ఫర్డ్, రెడింగ్, బ్లాక్‌బర్న్.. ఇట్లా ఎన్ని క్లబ్బుల చొక్కాలు వేశాడో. ఎవర్టన్‌ది అతను పెరిగిన ఊరే. చెల్సీ, బ్రెంట్‌ఫర్డ్ లండన్‌వి. ఎయిర్‌ఫోర్స్ జట్టు ఉండనే ఉంది. శనివారం ఎవరి దగ్గర మనిషి తక్కువైతే అక్కడ. కొత్త జట్టుతో ముందు రోజు సాధన ఉండదు. పక్కనున్నవాడి పేరు కూడా డ్రెస్సింగ్ రూములోనే తెలిసేది. అట్లాంటి చోట ఎవడు నెగ్గుకొస్తాడు? పరుగు మీద బతికేవాడు కాదు, ఆటను చదవగలిగినవాడు. ఎవడు ఎటు కదులుతాడో ముందే పసిగట్టి బంతి పంపగలిగినవాడు. సూ ఆట అదే. స్టోక్‌లో ఏళ్ల తరబడి ఆడినప్పుడు తలుపు తీయనివాళ్లు ఈ ఊరూరా తిరిగే ఆటను చూసి కబురు పెట్టారని మనకు అనిపిస్తుంది.

ఆ కబురే 1942 మే నాటి కార్డిఫ్ మ్యాచ్. అప్పుడతనికి 28 ఏళ్లు. యుద్ధకాలపు ఇంగ్లండ్ జట్టు ఏదో లోటు పూడ్చడానికి కూర్చిన జట్టనుకుంటే పొరపాటు. మాథ్యూస్, టామీ లాటన్, జో మెర్సర్ లాంటి మేటి ఆటగాళ్లున్న ఆ జట్టు ఇంగ్లండ్ చరిత్రలోని గొప్ప జట్లలో ఒకటని ఇప్పటికీ చెప్పుకుంటారు. స్కాట్లండ్‌లోని హాంప్‌డెన్ మైదానంలో వాళ్ల ఆట చూడటానికి యుద్ధం మధ్యలోనూ లక్ష మంది పైగా జనం వచ్చారు. అట్లాంటి జట్టులో చోటు దొరకడం, తొమ్మిదిసార్లు దొరకడం, దయతో వచ్చేది కాదు.

నిబంధన అందరికీ ఒకటే అన్నది కూడా చెప్పాలి. మాథ్యూస్ యుద్ధకాలంలో ఆడిన 29 మ్యాచ్‌లూ అతని అధికారిక లెక్కలో లేవు. కానీ అతనికి వేరే 54 ఉన్నాయి. లాటన్‌కి 23 ఉన్నాయి. యుద్ధానికి ముందు, తర్వాత ఆడినవే ఆ లెక్క. సూకి ముందూ లేదు, వెనకా లేదు. ఉన్నదల్లా ఆ తొమ్మిదే. అందుకే అందరికీ ఒకటే అయిన నిబంధన అతన్ని పూర్తిగా తుడిచేసింది.

ఆ ఇంటి మీద యుద్ధం వేసిన దెబ్బ ఇంకొకటి ఉంది. తమ్ముడు రొనాల్డ్ కూడా ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. విమానంలో తుపాకీ పేల్చే గన్నర్. 1944లో చనిపోయాడు.

అదే ఊళ్లో, అదే ఏడాది

సూ గురించి రాసేవాళ్లు తరచూ ఆటతో ఆపేస్తారు. అతను పెరిగిన లివర్‌పూల్‌లో చైనావాళ్లకు ఆ యుద్ధకాలంలో ఏం జరిగిందో చెప్పకుండా ఈ కథ చెబితే సగమే అవుతుందని మా అభిప్రాయం.

బ్రిటన్‌కు తిండి, నూనె, ఆయుధాలు అట్లాంటిక్ సముద్రం మీదుగా రావాలి. దారి పొడవునా జర్మన్ జలాంతర్గాములు. ఆ ఓడల్లో పనిచేయడానికి చైనా నావికుల్ని వేలల్లో రప్పించారు. లివర్‌పూలే వాళ్ల స్థావరం. యుద్ధకాలంలో ఆ రేవుతో సంబంధమున్న చైనా నావికులు ఇరవై వేల దాకా ఉండేవాళ్లని అంచనా. ప్రమాదం అందరికీ ఒక్కటే. టార్పెడో తగిలితే తెల్లవాడని, చైనావాడని చూడదు. జీతం మాత్రం తెల్లవాడిలో సగమైనా లేదు. యుద్ధ బోనస్ అసలే లేదు. వాళ్లు సమ్మె కట్టారు. నెలల తరబడి గొడవ జరిగాక 1942 ఏప్రిల్‌లో కొంత జీతం పెంచి, బోనస్ ఇవ్వడానికి కంపెనీలు దిగొచ్చాయి. సరిగ్గా మరుసటి నెలలోనే కార్డిఫ్‌లో సూ ఇంగ్లండ్ చొక్కా తొడుక్కున్నాడు.

మూడేళ్లకు యుద్ధం ముగిసింది. 1945 అక్టోబరు 19న లండన్‌లో బ్రిటిష్ హోంశాఖ ఒక సమావేశం జరిపింది. చైనా నావికుల్ని వెనక్కి పంపించేయాలన్నది అందులో చర్చ. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నెలల్లో పోలీసులు లివర్‌పూల్ బోర్డింగ్ హౌసుల మీద పడి మనుషుల్ని పట్టుకుని ఓడలెక్కించారు. సుమారు రెండు వేల మంది. వాళ్లలో కొన్ని వందల మందికి అక్కడే ఇంగ్లిషు భార్యలు, పిల్లలు ఉన్నారు. సాయంత్రం దుకాణానికని వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఇంట్లో తెలియదు. ఎంతోమంది ఆడవాళ్లు తమను వదిలేసి పోయాడనే అనుకున్నారు. పిల్లలు ఆ మాటే నమ్మి పెరిగారు. దశాబ్దాల తర్వాత సర్కారు ఫైళ్లు బయటపడితే గానీ అసలు సంగతి తెలియలేదు. అప్పటికి వాళ్ల అమ్మల్లో చాలామంది కన్నుమూశారు.

ఇంగ్లండ్ జట్టు తరఫున ఫ్రాంక్ సూ ఆడిన చివరి ఏడాది కూడా 1945నే. చైనా నావికుడి కొడుకు ఒకడికి దేశం చొక్కా తొడిగిన ఏడాదే, చైనా నావికుల్ని వేలల్లో రాత్రికి రాత్రి ఓడలెక్కించే పని మొదలైంది.

2006లో లివర్‌పూల్ రేవు దగ్గర ఆ నావికుల పేరిట ఒక స్మారక ఫలకం పెట్టారు. 2021లో ఆ ఊరి ఎంపీ ఒకరు పార్లమెంటులో ఈ సంగతి లేవనెత్తారు. బలవంతం జరిగిందని మరుసటి ఏడాది హోంశాఖ తన పరిశీలనలో ఒప్పుకుంది.

మళ్లీ పెట్టె సర్దుకుని

యుద్ధం అయ్యేసరికి సూకి 31 దాటాయి. ఆటగాడికి పండే వయసు, పాతిక నుంచి ముప్పై ఒకటి దాకా, మొత్తం యుద్ధానికే పోయింది. స్టోక్‌లో మేనేజర్ బాబ్ మెక్‌గ్రోరీతో పొసగలేదు. ఆ మేనేజర్‌తో మాథ్యూస్‌కే పడలేదనుకోండి, అతనూ రెండేళ్లకు వెళ్లిపోయాడు. సూ 1945లో లెస్టర్ సిటీకి, 1946లో లూటన్ టౌన్‌కి, 1948లో లీగ్ బయట ఉన్న చెమ్స్‌ఫర్డ్ సిటీకి మారాడు. స్టోక్‌కు లీగ్‌లో 170కి పైగా మ్యాచ్‌లు ఆడినవాడు అట్లా మెల్లగా కిందికి దిగాడు.

ఆట ఆగాక శిక్షకుడయ్యాడు. ఇంగ్లండ్‌లో అవకాశం వెంటనే రాలేదు. పెట్టె సర్దుకుని పరాయి దేశం పోయాడు. తండ్రి ఓడెక్కి ఇంగ్లండ్ వచ్చాడు, కొడుకు ఇంగ్లండ్ నుంచి ఓడెక్కాడు. మొదట ఇటలీలో పాదోవా క్లబ్బు. తర్వాత స్వీడన్. అక్కడ ఎస్కిల్‌స్టూనా, ఓరెబ్రో లాంటి ఊళ్లు తిరిగాడు. 1954-55లో స్టాక్‌హోమ్‌కు చెందిన యూర్గార్డెన్ క్లబ్బు అతని శిక్షణలో స్వీడన్ లీగ్ గెలిచింది. దేశం కాని దేశంలో, భాష రాని కుర్రాళ్లను నడిపించి ఛాంపియన్లను చేశాడు. ఇంట్లో చిన్నప్పటి నుంచి రెండు లోకాలు చూసినవాడికి అది మరీ కొత్తగా అనిపించి ఉండదు.

1959లో ఇంగ్లండ్ నుంచి పిలుపొచ్చింది. స్కంతోర్ప్ యునైటెడ్ అనే రెండో డివిజన్ క్లబ్బుకు మేనేజర్‌గా ఒక సీజన్ పనిచేశాడు. ఇంగ్లండ్ లీగ్ క్లబ్బును నడిపిన తొలి చైనా సంతతి మనిషి కూడా అతనే అయ్యాడు. ఆ తర్వాత మళ్లీ స్కాండినేవియా బాట పట్టాడు. 2016లో వచ్చిన అతని జీవితకథకు రచయిత్రి సూసన్ గార్డినర్ ద వాండరర్ అని పేరు పెట్టారు. సంచారి అని అర్థం. ఆ మాట అతనికి అతికినట్టు సరిపోయింది.

చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు పట్టుకుంది. 1991 జనవరిలో, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అప్పటికి ఇంగ్లండ్ జట్టులో నల్లజాతి ఆటగాళ్లు మామూలైపోయారు. 1978లో వివ్ ఆండర్సన్ మొదటి అధికారిక క్యాప్ అందుకుని పన్నెండేళ్లు దాటింది. చరిత్రలో తొలి పేరు ఎవరిదని అడిగితే అందరూ ఆండర్సన్ అనేవాళ్లు. సూ పేరు ఎవరికీ గుర్తు లేదు.

2016లో అతని పేరిట ఒక ఫౌండేషన్ మొదలైంది. బ్రిటన్‌లోని తూర్పు ఆసియా సంతతి పిల్లల్ని ఫుట్‌బాల్ వైపు మళ్లించే పని చేస్తోంది. 2020 మే నెలలో గూగుల్ తన మొదటి పేజీ మీద ఫ్రాంక్ సూ బొమ్మ పెట్టింది. కార్డిఫ్ మ్యాచ్ జరిగి అప్పటికి సరిగ్గా 78 ఏళ్లు. సూ తర్వాత చైనా మూలాలున్న ఆటగాడెవరూ ఇంగ్లండ్ పురుషుల సీనియర్ జట్టులో ఇంకా ఆడలేదు.